ముందు డ్రైవర్ తలుపు తీసి పసుపు స్టిక్కర్ చదవండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను, నా భార్య, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప. ఈ వేసవిలో మా అమ్మానాన్నలు ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు. వాళ్లకు కొలరాడో కొండలు చూపించాలని, ఆ తర్వాత కూడా పిల్లల సెలవుల్లో తిరగాలని ఒక ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనబోతున్నాం. పొడవు 24 అడుగులు. ఖాళీ బరువు 4,400 పౌండ్లు, సామానుతో కలిపి 5,600 దాటకూడదని రాసి ఉంది. దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు కావాలి. నా మనసు టొయోటా టకోమా మీద ఉంది. అది 6,500 పౌండ్లు లాగుతుంది, మీకు ధారాళంగా సరిపోతుందని షోరూంలో చెప్పారు. పెట్రోలు ఆదా, పార్కింగ్ తేలిక అని నా భార్య కూడా అదే అంటోంది. స్నేహితులు ఫోర్డ్ ఎఫ్-150 కొనమంటున్నారు, అది పెట్రోలు తాగేస్తుందని నా భయం. మా నాన్నగారితో ఫోనులో చెబితే ‘బరువును చూసి ఎద్దును కట్టాలిరా’ అన్నారు. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ ఈ బండిలోనే. ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాం, అందులో ట్రైలర్‌తో 1,500 మైళ్లు ఉండవచ్చు. ఏది కొనమంటారు?

– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం: సూటిగా చెప్పేస్తాను. మీరు రాసిన ట్రైలరే కొనేటట్టయితే టకోమా వద్దు. ఎఫ్-150 గానీ, దానికి సాటివచ్చే మరో ఫుల్ సైజ్ పికప్ గానీ తీసుకోండి. టకోమా చెడ్డ బండి అని కాదు, చాలా గట్టి బండి. మీ కుటుంబం, మీ ట్రైలర్, మీరు ఎక్కబోయే కొండలు, ఈ మూడూ కలిసినప్పుడు అది చాలదు. పెట్రోలు గురించి మీకున్న భయానికి ఆధారం తక్కువ. షోరూంలో మీకు ఇచ్చిన ధైర్యానికి అంతకంటే తక్కువ. మీ నాన్నగారి మాట మాత్రం అక్షరాలా నిజం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదట పెట్రోలు సంగతి తేల్చేద్దాం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇచ్చే అంకెల ప్రకారం, రెండు చక్రాల డ్రైవ్ ఉన్న ఇప్పటి తరం టకోమాకు ఊళ్లోనూ హైవే మీదా కలిపి సగటు మైలేజీ గాలన్‌కు 22, 23 మైళ్ల ప్రాంతంలో ఉంటుంది. 2.7 లీటర్ల ఎకోబూస్ట్ (ఫోర్డ్ తన టర్బో ఇంజన్లకు పెట్టిన పేరు) ఇంజను వేసిన ఎఫ్-150కి అది 21, 22 ప్రాంతం. నాలుగు చక్రాల డ్రైవ్ తీసుకుంటే రెండింటికీ ఇంకొంచెం తగ్గుతుంది. అంటే తేడా ఒక మైలు, మహా అయితే రెండు. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. 2024లో కొత్తగా వచ్చిన టకోమా ఇంజను 2.4 లీటర్ల టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి పంపుకునే రకం, ఎఫ్-150లోని ఈ ఇంజను 2.7 లీటర్ల టర్బో. ‘పెద్ద’ బండి ఇంజను పెద్దదయింది 0.3 లీటరు మాత్రమే. పైగా ఎఫ్-150 శరీరాన్ని 2015 నుంచి అల్యూమినియంతో చేస్తున్నారు కాబట్టి, చూపుకు కనిపించేంత బరువు అందులో లేదు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి వి8 (ఎనిమిది సిలిండర్ల) పికప్పులను చూసినవాళ్లు ‘ఫుల్ సైజ్ అంటే పెట్రోలు తాగే రాకాసి’ అనడం మానలేదు. ఇప్పుడు అది అంత నిజం కాదు.

మీ మైళ్లతోనే లెక్క వేద్దాం. ట్రైలర్ లేకుండా తిరిగేది 10,500 మైళ్లు. గాలన్‌కు 23 మైళ్లు వస్తే 457 గాలన్లు, 21 వస్తే 500 గాలన్లు. తేడా 43 గాలన్లు. గాలన్ 3 డాలర్లు అనుకుంటే ఏడాదికి 130 డాలర్లు, నెలకు 11. ఈపీఏ అంకెలు రోడ్డు మీద అచ్చంగా రావు కాబట్టి జాగ్రత్తకు దాన్ని రెట్టింపు చేసుకోండి. అయినా నెలకు 22 డాలర్లే. ఆ డబ్బు కోసం మొత్తం కుటుంబం కూర్చునే బండిని తూకం తప్పించవద్దు. ఫుల్ సైజ్ కొంటే నిజంగా పెరిగే ఖర్చులు వేరే ఉన్నాయి. బండి ధర, టైర్ల ధర, బీమా. వాటిని చూసి వెనకాడితే అర్థం ఉంది, పెట్రోలును చూసి కాదు.

మైలేజీని గాలన్‌కు ఇన్ని మైళ్లు అని చెప్పే పద్ధతే మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. వంద మైళ్లకు ఎన్ని గాలన్లు అని తిప్పి చూడండి. 21 నుంచి 23కి పెరిగితే వంద మైళ్లకు ఆదా అయ్యేది 0.4 గాలన్. ట్రైలర్ లాగుతున్నప్పుడు 10 నుంచి 12కి పెరిగితే ఆదా 1.67 గాలన్లు. పెరిగింది రెండు చోట్లా రెండు మైళ్లే, లాభం మాత్రం నాలుగు రెట్లు. కాబట్టి పెట్రోలు మీద అంత పట్టింపు ఉన్నవారు షోరూంలో కంటే ట్రైలర్ లాగేటప్పుడు కుడికాలి కింద ఆదా చేసుకోవాలి. అది ఎలాగో చెబుతాను.

లాగేటప్పుడు ఏ పికప్ ఎక్కువ మైలేజీ ఇస్తుందని నన్ను అడిగేవారు చాలామంది. మీ ట్రైలర్‌లాంటిదాన్ని లాగుతుంటే టకోమా అయినా ఎఫ్-150 అయినా గాలన్‌కు 8 నుంచి 11 మైళ్ల మధ్యే ఇస్తాయి. కారణం బరువు కాదు, గాలి. మీ ట్రైలర్ ముఖం 8 అడుగుల వెడల్పు, నేల నుంచి 10 అడుగులకు పైగా ఎత్తు. గంటకు 65 మైళ్ల వేగంతో ఒక గోడను గాలిలోకి తోసుకుంటూ పోతున్నట్టు. ఆ గోడను తోయడానికి కావలసిన శక్తి ముందున్న బండి చిన్నదా పెద్దదా అని చూడదు. అంత శక్తి పుట్టించడానికి అంత పెట్రోలు కాలాల్సిందే. చిన్న ఇంజను అయితే తన శక్తిలో ఎక్కువ భాగం వాడుతూ, కింది గేర్లలో పెద్దగా రొప్పుతూ అదే పని చేస్తుంది. టర్బో మీద అంత ఒత్తిడి పడినప్పుడు ఇంజను చల్లగా ఉండటానికి అవసరానికి మించి పెట్రోలు చల్లుకుంటుంది కూడా. అందుకే ఖాళీగా తిరిగినప్పుడు చిన్న బండికి ఉన్న ఆ కాస్త లాభం కూడా బండి వెనకుండే కొక్కేనికి, అంటే హిచ్‌కు, ట్రైలర్ తగిలించగానే పోతుంది.

గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 63 మైళ్ల వేగం నుంచి 75కి వెళితే వేగం పెరిగింది ఐదో వంతే, నిరోధం పెరిగేది 40 శాతానికి పైగా. ఎదురుగాలి దీనికి తోడు. మీరు కొలరాడో వెళ్లే దారి నాకు బాగా తెలుసు. డికేటర్ దగ్గర 287వ నంబరు హైవే ఎక్కి, విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో చేరతారు. చెట్టు లేదు, గుట్ట లేదు, గాలికి అడ్డం లేదు. 65 మైళ్ల వేగంతో పోతూ 20 మైళ్ల ఎదురుగాలిని ఎదుర్కొంటే ట్రైలర్‌కు అది 85 మైళ్ల గాలి. నిరోధం 70 శాతం ఎక్కువ. నేను మొదటిసారి ట్రైలర్ లాగింది టకోమాలాంటి ఒక మిడ్ సైజ్ పికప్‌తోనే, ఆ దారిలోనే. మార్చి నెల గాలులు. మైలేజీ 8 చూపించింది, ఒక దశలో 7. పెట్రోలు ముల్లు కిందికి జారుతుంటే, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే, తర్వాతి ఊరు ఎన్ని మైళ్లో లెక్కపెట్టుకుంటూ నడిపాను. ఆ రోజే నాకు ట్యాంకు సైజు విలువ తెలిసింది.

టకోమా ట్యాంకు 18.2 గాలన్లు. గాలన్‌కు 9 మైళ్ల చొప్పున, అడుగున మూడు గాలన్లు మిగుల్చుకుంటే, చేతికి వచ్చేది 137 మైళ్లు. అంటే విచిటా ఫాల్స్‌లో ఒకసారి, చిల్డ్రెస్‌లో ఒకసారి, మళ్లీ అమరిల్లోలో ఒకసారి పెట్రోలు కొట్టించాలి. 24 అడుగుల ట్రైలర్‌ను పెట్రోలు బంకులో తిప్పడం అంటే ఏమిటో మొదటిసారి తిప్పినప్పుడు తెలుస్తుంది. ఎఫ్-150ని 36 గాలన్ల ట్యాంకుతో కూడా అమ్ముతారు. అదే మైలేజీకి, అంతే మిగుల్చుకుంటే 297 మైళ్లు. మైలేజీ ఒకటే, ప్రయాణం మాత్రం ఒకటి కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. షోరూంలో మీకు చెప్పిన 6,500 అబద్ధం కాదు. టకోమాలో కొన్ని రకాలకు ఆ అంకె ఉంది. అన్నిటికీ లేదు. అన్నిటికంటే తక్కువ ధరకు వచ్చే ఎస్‌ఆర్ రకానికి 3,500 పౌండ్లే. ఈ అంకెలను ఇష్టం వచ్చినట్టు రాయరు. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ఉంది, 2011 మోడల్‌తో దాన్ని మొదట పాటించింది టొయోటాయే. అరిజోనాలో డేవిస్ డ్యాం దగ్గర 68వ నంబరు రాష్ట్ర రహదారి మీద 11 మైళ్లకు పైగా సాగే ఎక్కుడు ఉంది. 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, వేగం 40 మైళ్లకు తగ్గకుండా దాన్ని ఎక్కగలగాలి. నిజాయితీ గల పరీక్ష. కానీ ఆ పరీక్షలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు. పిల్లలు లేరు, అమ్మానాన్నలు లేరు, వెనక బెడ్‌లో, అంటే సామాను తొట్టిలో, కూలర్ లేదు, బియ్యం సంచి లేదు. ఆ 6,500 ఆ ఇద్దరి కోసం రాసిన అంకె. మీ ఆరుగురి కోసం కాదు.

మీ అంకె వేరే చోట ఉంది. డ్రైవర్ తలుపు తీస్తే, పక్కనున్న చట్రం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. అది ఆ మోడల్‌కు కాదు, సరిగ్గా ఆ ఒక్క బండికి లెక్కగట్టి వేసిన అంకె. పక్కపక్కనే నిలబెట్టిన ఒకే మోడల్ బండ్లు రెంటికి అది వందల పౌండ్లు తేడా ఉండవచ్చు. ఎందుకంటే పైకప్పు అద్దం, తోలు సీట్లు, పెద్ద చక్రాలు, నాలుగు చక్రాల డ్రైవ్, ఇవన్నీ పేలోడ్‌ను తినేస్తాయి. ప్రకటనలో రాసే పేలోడ్ అన్నిటికంటే బోడి బండిది.

ట్రైలర్ బరువంతా దాని సొంత చక్రాల మీదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు, ఉండకూడదు కూడా. మీ నాన్నగారిని అడగండి, ఎడ్లబండితో చెబుతారు. సరుకు ముందుకు ఎక్కువ వేస్తే కాడి ఎద్దుల మెడను నొక్కేస్తుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి మెడపట్టీలు గొంతుకు బిగుస్తాయి. రైతు ఒకటి రెండు బస్తాలు జరిపి మెడ మీద కాస్త బరువు ఉండేలా చూసుకుంటాడు. ట్రైలర్‌దీ అదే సూత్రం. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అంతకంటే తగ్గితే వేగంలో ట్రైలర్ తోకలా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అది మొదలయ్యాక ఆపడం కష్టం, బండ్లు బోల్తా పడేది అక్కడే. ఆ హిచ్ మీది బరువు మొత్తం ట్రక్కు పేలోడ్‌లోకే వస్తుంది.

ఇప్పుడు కూడదాం. మీ ట్రైలర్ ఖాళీ బరువు 4,400. ఆ అంకెలో నీళ్లు ఉండవు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నింపితే 332. నిండు గ్యాస్ సిలిండర్లు రెండు, బ్యాటరీ కలిపి 130 దాకా. గిన్నెలు, కుక్కరు, పరుపులు, మడత కుర్చీలు, పిల్లల సైకిళ్లు, ఆరుగురి బట్టలు, వారం రోజుల సరుకులు 500 పౌండ్లు కాకుండా ఉండవు. మొత్తం దాదాపు 5,400. అందులో 12 శాతం అంటే 650 పౌండ్లు హిచ్ మీద. బరువును సర్దే హిచ్ సామాను (అదేమిటో తర్వాత చెబుతాను) 90. మనుషులు: మీరు, మీ భార్య, ఇద్దరు పిల్లలు కలిపి 450 అనుకుందాం, అమ్మానాన్నలు ఇద్దరూ 295. వెనక బెడ్‌లో కూలర్, పనిముట్లు వంద. మొత్తం 1,585 పౌండ్లు.

టకోమా నాలుగు తలుపుల రకాల్లో తలుపు స్టిక్కర్ మీద సాధారణంగా కనిపించేది 1,100 నుంచి 1,400 మధ్య. అమ్మానాన్నలు ఇంటి దగ్గరే ఉండిపోయినా మీ నలుగురితో లెక్క 1,290 వస్తుంది. అప్పటికీ చాలా టకోమాలకు మించిన బరువే, లేదా అంచున నిలబడే బరువు. 6,500 లాగగల బండి 5,400 దగ్గరే చేతులెత్తేస్తున్నది, అదీ ఇంజను వల్ల కాదు, వెనక స్ప్రింగుల వల్ల, ఇరుసు వల్ల, టైర్ల వల్ల. ‘బరువును చూసి ఎద్దును కట్టాలి’ అన్న మాటకు అర్థం ఇదే. లాగే బలం ఒక్కటే చూస్తే సరిపోదు, మెడ ఎంత మోస్తుందో చూడాలి.

మిడ్ సైజ్‌లో షెవ్రోలే కొలరాడో 7,700 పౌండ్లు, ఫోర్డ్ రేంజర్ 7,500 లాగుతాయి కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే. కానీ మీకు అడ్డం వస్తున్నది లాగే అంకె కాదు, పేలోడ్. టకోమా హైబ్రిడ్‌కు 326 హార్స్‌పవర్ ఉంది, మామూలు దానికంటే చాలా హుషారైన బండి. అయినా లాగే అంకె 6,000 ప్రాంతానికి తగ్గింది, ఎందుకంటే బ్యాటరీని కూడా అది మోసుకు తిరగాలి. ఇంజను బలం, మోసే బలం వేర్వేరు విషయాలు అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

ఎఫ్-150 కొన్నంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కూడా కాదు. ఖరీదైన రకాల్లో దాని పేలోడ్ కూడా 1,400 ప్రాంతానికి పడిపోతుంది. హైబ్రిడ్ ఎఫ్-150కీ అదే ఇబ్బంది. మీరు ఎక్స్‌ఎల్‌టీ లాంటి మధ్యస్థ రకం చూడండి, స్టిక్కర్ మీద కనీసం 1,750 ఉన్నదే ఎంచుకోండి. ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఎల్‌టీ రకాల్లో ముందు బెంచి సీటు ఉన్నవి దొరుకుతాయి, ఆరుగురు కూర్చోవచ్చు. టకోమాలో ఐదుగురికే చోటు. నడుస్తున్న ట్రైలర్‌లో ఎవరూ కూర్చోకూడదు, కాబట్టి ఈ ఒక్క లెక్కతోనే మీ ప్రశ్న తేలిపోతుంది. అయితే ఆరుగురు కొలరాడో దాకా ఒకే బండిలో సర్దుకోవడం పెద్దవాళ్లకు నరకం. మీ ఇంట్లో రెండో కారు ఉంటే, మీ భార్య మీ అమ్మానాన్నలను అందులో తీసుకుని వెనకే రావడం మంచిది. బరువూ తగ్గుతుంది, పెద్దవాళ్ల మోకాళ్లూ బాగుంటాయి.

ఇంజను ఏది? మీ బరువుకు 2.7 చాలు. మీరు కొండలెక్కుతారు కాబట్టి, డబ్బు సర్దుకోగలిగితే 3.5 ఎకోబూస్ట్ ఇంకా నింపాదిగా ఎక్కుతుంది. 5 లీటర్ల వి8 మోత వినసొంపుగా ఉంటుంది గానీ మీకు సలహా ఇవ్వను. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. న్యూ మెక్సికో, కొలరాడోల సరిహద్దులో మీరు దాటబోయే రటోన్ పాస్ ఎత్తు 7,834 అడుగులు. అక్కడికి చేరేసరికి దాదాపు నాలుగో వంతు శక్తి గాలిలో కలిసిపోతుంది. టర్బో ఆ పల్చటి గాలిని కూడదీసి పెడుతుంది. ట్రైలర్ లాగే ప్యాకేజీ, ట్రైలర్ బ్రేకులను ట్రక్కు నుంచే నడిపే, కంపెనీ బిగించిన బ్రేక్ కంట్రోలర్ తప్పక ఉండాలి. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని చట్టం. వెనక ఇరుసు నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి దాన్ని తిప్పే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) 3.73 ఉన్నది దొరికితే లాగడానికి ఇంకా మంచిది. టొయోటాను వదల్లేకపోతే వాళ్ల ఫుల్ సైజ్ పికప్ టండ్రా చూడండి. 12,000 పౌండ్ల దాకా లాగుతుంది, మైలేజీ మాత్రం ఇంకొకటి తగ్గుతుంది. ఏడాదికి ఎనిమిది, పది వేల మైళ్లు లాగేవారైతే షెవ్రోలే ఫుల్ సైజ్ పికప్ సిల్వరాడోలో వచ్చే 3 లీటర్ల డీజిల్ గురించి పేజీలు రాసేవాణ్ని. లాగేటప్పుడు నిజంగా మైలేజీ నిలబెట్టేది డీజిలే. 1,500 మైళ్లకు అది అనవసరం.

మీ భార్య చెప్పిన పార్కింగ్ మాట కొట్టిపారేయదగ్గది కాదు. టకోమా పొడవు 213 అంగుళాలు, నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు 231 అంగుళాలకు పైనే. అడుగున్నర తేడా. మన పక్క ఇళ్లలో గ్యారేజీ లోతు సాధారణంగా 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. బండి పట్టినా దాని ముందు నుంచి మనిషి నడవడానికి చోటు ఉండదు. కొనే ముందు టేపుతో కొలవండి. కానీ ఆ పొడవే రోడ్డు మీద మీకు కాపు. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు మధ్య దూరం టకోమాకు 132 అంగుళాలు, ఎఫ్-150కి 145. పెద్ద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి తోపుకు ట్రైలర్ కదిలితే, ఆ పదమూడు అంగుళాల తేడా స్టీరింగు మీద చేతులకు తెలుస్తుంది.

మీరు ఎఫ్-150 కొన్నా, బరువును సర్దే హిచ్ మానవద్దు. ట్రైలర్ 5,000 పౌండ్లు దాటితే అది ఉండాలని ఎఫ్-150 హిచ్ మీది చీటీలోనే ఉంటుంది. ట్రాలీలో బరువు ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేవడం మీ నాన్నగారు ఎన్నిసార్లు చూసి ఉంటారో. హిచ్ వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి ఇక్కడా అదే జరుగుతుంది, కంటికి కనిపించనంత మెల్లగా. ముందు టైర్ల మీద బరువు తగ్గితే స్టీరింగు, బ్రేకు రెండూ బలహీనపడతాయి. ఆ హిచ్ కడ్డీలు ఆ బరువును తిరిగి ముందుకు పంపుతాయి.

కొన్నాక, మొదటి ప్రయాణానికి ముందే, లారీలు ఆగే పెద్ద బంకుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. కొద్ది డాలర్ల ఖర్చు. అందరూ కూర్చుని, అన్నీ నింపి, ట్రైలర్ తగిలించి ఒకసారి. ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే మరోసారి. ఏ ఇరుసు మీద ఎంత పడుతున్నదో కాగితం మీద వస్తుంది. ఇప్పటిదాకా నేను వేసిన అంచనాలన్నీ ఆ కాగితం ముందు పక్కకు తప్పుకోవాలి.

దారిలో 63, 65 దాటవద్దు. టెక్సాస్ హైవే బోర్డు 75 చెబుతుంది, వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. ట్రైలర్ టైర్లు చాలావాటిని 65 మైళ్ల వేగానికే తయారు చేస్తారు. పెట్రోలు మీద మీరు చేయగల అసలు ఆదా కూడా ఇక్కడే ఉంది. రటోన్ పాస్ దాటి ట్రినిడాడ్ వైపు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి. ఎక్కడం మొదలుపెట్టినప్పుడే ట్రైలర్ లాగే మోడ్ వేసి, దిగేటప్పుడు కింది గేరులో ఇంజనునే బండిని పట్టుకోనివ్వండి. ఆగి ఆగి గట్టిగా బ్రేకు నొక్కి, వేగం తగ్గగానే వదిలేయండి. చల్లారే వ్యవధి లేకపోతే బ్రేకు పట్టదు.

టకోమా మీదే ప్రేమ చావకపోతే, అందుకు కూడా దారి ఉంది. బండిని కాదు, ట్రైలర్‌ను మార్చండి. నిండుగా 3,000, 3,500 పౌండ్లు దాటని, ఎత్తు తక్కువ ఉన్న, పైకప్పు కిందికి మడిచే రకం ట్రైలర్ చూడండి. హిచ్ మీద 400 ప్రాంతంలోనే పడుతుంది, ముఖం చిన్నది కాబట్టి గాలి కూడా తక్కువ. అప్పుడు మైలేజీ 14, 15 దాకా రావచ్చు. మీ నలుగురికి అది హాయిగా సరిపోతుంది. అమ్మానాన్నలు ఉన్న ఆరు నెలల కోసం మాత్రమే పెద్ద ట్రైలర్ కావాలనుకుంటే, కొలరాడోలోనే అద్దెకు దొరుకుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌కు వాళ్లే తెచ్చి నిలబెట్టి పోతారు, మీరు కార్లలో వెళ్లి తాళం తీసుకోవచ్చు. ట్రైలర్ మీ కుటుంబానికి నచ్చుతుందో లేదో కూడా ఒక వారంలో తెలిసిపోతుంది. నన్నడిగితే, 40, 50 వేల డాలర్లు పెట్టే ముందు ఈ వారం గడపడం మంచిది.

ఈ శనివారం షోరూంకు వెళ్లినప్పుడు టకోమా ఒకటి, ఎఫ్-150 రెండు మూడు చూడండి. తలుపులు తీసి ఆ పసుపు స్టిక్కర్లను ఫోనులో ఫొటో తీసుకోండి, హిచ్ మీది చీటీ కూడా. పిల్లలను, మీ భార్యను సీట్లలో కూర్చోబెట్టి, అమ్మానాన్నల చోటు ఎక్కడో వేలుపెట్టి చూపించండి. ఆ అంకెలు నాకు రాస్తే, ఏ బండి అన్నది పేరుతో సహా చెబుతాను.